భూమి కింద గట్లు లేవు

వాగు ఎండినా ఇసుక తోడితే చెలమలో నీళ్లు ఊరతాయి. మన కోయ, కొండరెడ్డి గూడేల్లో పెద్దవాళ్లు ఎన్నో ఎండాకాలాలు ఆ నీళ్లతోనే గడిపారు. ముంచుకున్నాక మళ్లీ ఊరేదాకా ఆగాలి, వెనక వచ్చినవాళ్లకూ మిగలాలి. మోటారుకు ఆ ఆగడం తెలియదు.

జంగారెడ్డిగూడెం మెట్టలో ఇప్పుడు చెలమ మాట ఎత్తేవాళ్లు తక్కువ. డెల్టాకు గోదావరి కాలువలున్నాయి, మెట్టలో చాలామందికి బోరే దిక్కు. ఎదిగిన పామాయిల్ చెట్టుకు రోజుకు 200 లీటర్ల దాకా నీళ్లు కావాలంటారు. బోరు వేసినవాణ్ణి దొంగ అనలేం. మరి ఆ నీళ్లు ఎవరివి?

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన నేల కింది నీటిని తోడుకునే హక్కు భూయజమానిదే. మనకు 1/70 చట్టం ఉంది, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. బుట్టాయిగూడెం వైపు ఆ భూముల కోసం జరిగిన పోరాటాలు మీకు తెలిసినవే. అయితే పట్టా మన చేతిలో ఉండగానే, కింది నీళ్లు పక్క చేలోని లోతు బోరులోకి పోవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నీళ్లు పోయాక ఆ భూమిని నిలబెట్టుకున్నట్టేనా?

పాత ఊటలను బాగుచేస్తే చాలదా అంటారు. అనంతపురం వైపు ఊటకాలువలు చూడండి. పెన్నా, చిత్రావతి ఇసుకలో లోతుగా తవ్వి, ఊరే నీటిని చెరువులకు, పొలాలకు మళ్లించేవారు. ఇసుక పూడితే ఆయకట్టు రైతులంతా కలిసి తీసేవారు. ఒడ్డున బోర్లు పెరిగి నీటిమట్టం పడిపోయిన చోట, ఎంత పూడిక తీసినా కాలువకు ఊట రాదు.

2002 వాల్టా చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేని బోరు కూడదంటుంది. కాగితం మీద మంచిదే. మాకు నచ్చింది మాత్రం ఆ తర్వాత ఏడు కరవు జిల్లాల్లో రైతులు చేసిన పని. వాన, బావుల మట్టం తామే కొలిచి, రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని లెక్క కట్టారు. జరిమానా లేదు, బలవంతం లేదు. లెక్క కళ్లముందు కనబడ్డాక చాలామంది వరి తగ్గించుకున్నారు.

"ఇన్నాళ్లూ వాళ్లు తోడారు. మాకు నిన్నగాక మొన్న బోరు పడింది, మమ్మల్నా ఆపమంటారు?" అని మన కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన కోపమే. ఎక్కువ తోడినవాళ్లే ముందు తగ్గాలని మేమూ అంటాం. ఆ మాట గ్రామసభలో చెల్లాలంటే మన బోరు లెక్కా బయట పెట్టాలి.

మాస్టార్లకు ఒక పని ఉంది. తాడు, దాని చివర ఒక రాయి చాలు. నెలనెలా పిల్లలతో కలిసి ఊరబావి మట్టం కొలిచి బడి గోడ మీద రాయించవచ్చు. ఆ అంకె చూసి ముందు ఎవరి మోటారు ఆగాలో పెద్దవాళ్లు తేల్చుకోవాలి.