ఇరవై తొమ్మిదికి నాలుగు

మలేషియాలోని సుంగై సిపుట్ బజారులో టీ కొట్టు. తోట బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మావయ్య, ఈపోలో ఉద్యోగం చేసే మేనల్లుడు. వాళ్ళ మాటలు ఇవి.

అల్లుడు: 1950 జూన్ 8న బోస్టన్‌లో బేస్‌బాల్ ఆటలో రెడ్ సాక్స్ వాళ్ళు సెయింట్ లూయీ బ్రౌన్స్‌ని 29-4తో చితక్కొట్టారు. ముందురోజు కూడా 20-4. దాన్ని ఆట అంటారా మావయ్యా? మధ్యలో వదిలెయ్యొచ్చుగా?

మావయ్య: వదిలెయ్యాల్సింది ఎవర్రా?

అల్లుడు: గెలిచేవాళ్ళే. బాబీ డోర్ మూడు హోమ్ రన్లు, టెడ్ విలియమ్స్ రెండు, వాల్ట్ డ్రోపో రెండు. ఇరవై దాటాకైనా చూసీ చూడనట్టు పోవాలి.

మావయ్య: అంటే కావాలని అవుటైపోవాలి. బంతి విసిరేవాడివి నువ్వే అనుకో. ఎదుటివాడు జాలిపడి గాల్లో బ్యాట్ ఊపి వెళ్ళిపోతే నీకు ఒళ్ళు మండదూ?

అల్లుడు: మండుతుంది. ఫుట్‌బాల్‌లో ఆ బాధ లేదు. బంతిని అటూ ఇటూ పంపుకుంటూ టైము గడిపేస్తారు.

మావయ్య: తిరకాసంతా అక్కడే ఉంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు రహీమ్ సాబు కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఎన్ని గోల్స్ పడ్డా తొంభై నిమిషాలు ఓర్చుకుంటే ఆట అయిపోతుంది. బేస్‌బాల్‌కి గడియారం లేదు. బయటపడాలంటే ఓడేవాడే ఎదుటివాళ్ళని ఒక్కొక్కర్నీ అవుట్ చేసుకోవాలి.



అల్లుడు: మరీ క్రూరం.

మావయ్య: క్రూరమే. లెక్క మాత్రం చూడు.

బల్ల మీద ఒలికిన టీ తడిలో వేలు ముంచి 27 అని రాశారు. దాని పక్కన 24.

మావయ్య: తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు అవుట్లు. సొంతగడ్డ జట్టు తర్వాత బ్యాటింగ్ చేస్తుంది, ముందంజలో ఉంటే తొమ్మిదోది ఆడక్కర్లేదు. బోస్టన్‌కి అయినవి 24 అవుట్లే. బ్రౌన్స్‌కి మొత్తం 27. ఓడినవాళ్ళకే ఒక ఇన్నింగ్స్ ఎక్కువ దక్కింది.

అల్లుడు: దక్కి ఏం లాభం? ఆ లోటు ఎవరు తీరుస్తారు?

మావయ్య: ఎవరూ తీర్చరు. ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. అయినా "ఇక మీవల్ల కాదు, పొండి" అనే హక్కు గెలిచేవాడి చేతికి రాలేదు చూడు.

అల్లుడు: మన ఊరి సంగతీ అంతే. 1974 నుంచి 2008 దాకా ఇక్కడ పార్లమెంటు సీటు సామివేలుదే. జయకుమార్ ఆయన మీద 1999లో ఓడారు, 2004లోనూ ఓడారు. 2008లో 1,821 ఓట్లతో గెలిచారు. పడ్డవాడు ఎప్పటికైనా లేస్తాడన్నమాట.

మావయ్య: ఆ మాట నేననను. అది ఓదార్పు. లేవనివాళ్ళే ఎక్కువ. బ్రౌన్స్ ఆ ఏడాది 58 ఆటలు గెలిచి 96 ఓడారు. 1953 సీజన్ అయ్యాక ఊరే వదిలేసి బాల్టిమోర్ పోయారు. నేను చూసేది పట్టికని. అందులో 29-4 ఒక ఓటమి, 1-0 కూడా ఒక ఓటమే. మిగులు రన్లని మర్నాటికి దాచుకోవడానికి లేదు.

అల్లుడు: మెజారిటీ ఎంతైనా సీటు ఒక్కటే అయినట్టు.

మావయ్య: అదీ. మరి అన్ని రన్లు బాదిన బోస్టన్ ఏమైందో చదివావా?

అల్లుడు: 94 ఆటలు గెలిచింది. అమెరికన్ లీగ్‌లో మూడో స్థానం. టైటిల్ యాంకీస్‌కి పోయింది.