పదవీ, మనిషీ

మనిషి తన పదవినే తానుగా భావించుకోవడం కేవలం వ్యక్తి దౌర్బల్యమేనా?

1984 జనవరిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కొన్ని కుటుంబాలలోనే సాగిన అధికారం పోవడం మంచిదే. కాని ఒక్క సంగతి ఆలోచించాలి. ఊళ్ళో “కరణంగారు” అన్న పిలుపే అతని పేరు. ఆ పేరుకు ఆధారం ఒక్క ఉత్తరువుతో పోయింది.

అతనికి పోయినదేమిటి? అడంగలు వ్రాసే నేర్పు పోలేదు. పొలాల సరిహద్దులు మరచిపోలేదు. పోయినది ఇతరుల అవసరం మీదా, భయం మీదా నిలిచిన గౌరవం. దాన్ని అతడు తన గుణమనుకున్నాడు. అలా అనుకొనేటట్లు చేసినది కుర్చీకి నమస్కరించే సమాజమే.

నేటి ఉద్యోగికి ఆ అధికారం లేదు. ఆ భ్రమ మాత్రం వుంది. ప్రమోషను తప్పితే మనిషిగానే తగ్గిపోయానని కుంగిపోతాడు. అతనికి వేదాంతం చెప్పి లాభం లేదు. ఇంటి అద్దె, పిల్లల చదువు ఆ ఉద్యోగంతోనే ముడిపడి వున్నాయి. బ్రతుకుకు భద్రత లేనిచోట ఆత్మగౌరవం నిలవదు. ఆ భద్రత కల్పించడం సమాజం బాధ్యత. తన నేర్పును హోదాకు కాక సాటివారికి వినియోగించడం వ్యక్తి బాధ్యత. మొదటిది విస్మరించి రెండవదాన్నే బోధించేది నీతి కాదు.