డప్పుకి కూలెంత?

ఉద్యమ సభలో డప్పు కొట్టేవాడు డబ్బులడగొచ్చా? ఇరవై ఏళ్లుగా నన్ను ఈ ప్రశ్న అడుగుతున్నారు. అడిగేవాళ్లు పరాయివాళ్లు కారు. మనవాళ్లే. కాలేజీ పిల్లలు, సంఘాల నాయకులు, కవులు. "అన్నా, నువ్వు కూడా రేటు చెప్తే ఎలా?" అంటారు. ఆ 'నువ్వు కూడా'లోనే ఉంది అసలు సంగతి. మైకు సెట్టువాడు రేటు చెప్తే ఎవరికీ బాధ లేదు. షామియానా వాడికి ముందే అడ్వాన్సు ఇస్తారు. టీ కొట్టుకి బాకీ పెట్టరు. ఒక్క డప్పు మాత్రం ప్రేమతో మోగాలి.

ప్రేమంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ మా పేటలో తరాల తరబడి డప్పు ఊరికే మోగింది. దాన్ని ఎవరూ ప్రేమ అనలేదు. వెట్టి అన్నారు.

మాది పలాసకి మందసకి మధ్య ఉద్దానంలో ఒక పేట. మా తాత ఊళ్లో చావులకీ, గ్రామదేవత సంబరాలకీ, టముకుకీ డప్పు పట్టుకొని పోయేవాడు. కోతలయ్యాక కళ్లంలో మేర కింద గింజలు కొలిచేవారు. ఎంత కొలవాలన్నది కొలిచేవాడి ఇష్టం. తాత నోరు తెరిచి ఇంత కావాలని అడిగింది లేదు. "బావూ" అని దూరంగా నిలబడటమే ఆయన అడగటం. ఒంట్లో బాగోక పోకపోతే మనిషిని పంపేవారు. రానంటే ఆ ఏడు కళ్లంలో గింజలు లేవు. ఆ రోజుల్లో తాతని ఎవరూ కళాకారుడు అనలేదు. ఆ మాట మా పేటలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చినప్పుడు కూలి అన్న మాటని వెనక్కి నెట్టి మరీ వచ్చింది.

మా అయ్య డప్పు ముట్టలేదు. పలాసలో జీడి మూటలు మోశాడు. అమ్మ జీడిపిక్కలు కొట్టేది. జీడి సొనకి వేళ్ల తోలు ఊడి, అన్నం కలుపుకుంటే మండేది. "ఆ తోలు మనల్ని పాడుసేసిందిరా, నాను ముట్టను" అనేవాడు అయ్య. ఆయన అంబేద్కర్‌ని చదవలేదు. చచ్చిన పశువుల్ని మోయొద్దని మహర్లకి అంబేద్కర్ చెప్పాడనీ, వతన్ పేరుతో చేయించుకునే ఊరి చాకిరీ మీద 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడనీ ఆయనకి తెలీదు. తమిళనాడులో చావుకి పరై కొట్టమని తిరగబడ్డ చేరీలున్నాయని కూడా తెలీదు. అయినా నడిచింది ఆ దారినే.

నేను మళ్లీ డప్పు పట్టాను. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా డప్పుని జెండా చేసింది. మా ఉత్తరాంధ్రలో మాదిగలు తక్కువ. వర్గీకరణ మీద మా పేటల్లో వేరే అభిప్రాయాలున్నాయి. అయినా ఆ చప్పుడు మా దాకా వచ్చింది. నేను డప్పు తెచ్చిన రోజు అయ్య నాతో మాట్లాడలేదు. కానీ నా లెక్కలో ఆయన వదలడమూ నేను పట్టడమూ ఒకటే పని. వాళ్లు కొట్టమన్నారని కొట్టం అని ఆయన అన్నాడు. నేనూ అదే అంటున్నాను.

ఇక నా బతుకు. పట్నంలో దీన్ని ఫ్రీలాన్స్ అంటారు. మా అమ్మ భాషలో 'ఏ రోజు పని ఆ రోజుదే.' గోడల మీద రాతలు రాశాను. ఫ్లెక్సీలొచ్చి ఆ పనిని సగం చంపేస్తే ఫ్లెక్సీ డిజైన్ నేర్చుకున్నాను. ఒక పత్రికకి లైన్ అకౌంట్ మీద వార్తలు రాశాను. అంటే అచ్చయిన వార్తని కొలిచి డబ్బులిస్తారు, అచ్చు కాని వార్తకి తిరిగిన బస్సు చార్జీ మనదే. టెక్కలిలో గ్రానైట్ షాపు బోర్డు, కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాకెట్టు మీద బొమ్మ, పెళ్లి వీడియోల ఎడిటింగు. వీటి మధ్య డప్పు, జముకు, వీధినాటకం. ఏప్రిల్ 14 వస్తే నాలుగు ఊళ్లు ఒకేసారి పిలుస్తాయి. ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు, వీడియోలుండవు, అప్పులుంటాయి. ఒక పని కోసం ఇంకో పనిని వాయిదా వెయ్యని వారం నాకు లేదు.

ఇలా రెండు పడవల మీద కాళ్లేమిటని అడిగేవాళ్లు ముగ్గురి పేర్లు చెప్తారు. సుబ్బారావు పాణిగ్రాహి మా ప్రాంతం మనిషి. బొడ్డపాడులో గుడి పూజారి. జముకుల కథని పోరాటంలోకి తెచ్చాడు. 1969 డిసెంబర్‌లో రంగమటియా కొండల్లో పోలీసులు చంపేశారు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ పాట కట్టాడు. 2020లో పోయాడు. గద్దర్ 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. 2023లో పోయాడు. ముగ్గురికీ నా దండం. గద్దర్ మనవాడే. "ఆయన ఉద్యోగమే వదిలాడు, నువ్వు ఒక్క రోజు కూలి వదల్లేవా?" అంటారు.

వదలాలంటే ముందు చేతిలో ఉండాలి కదా. నెల జీతం వదిలినవాడి త్యాగం చరిత్రకి ఎక్కుతుంది. రోజు కూలి పోగొట్టుకున్నవాడి నష్టం ఇంటి దగ్గర బియ్యం డబ్బాకి మాత్రమే తెలుస్తుంది. ఇంకో సంగతి. పూజారి జముకు పట్టుకుంటే కులం దిగొచ్చాడంటారు. మేం డప్పు పట్టుకుంటే కులవృత్తి అంటారు. అదే వాయిద్యం, అదే చెమట. ఒకరిది త్యాగం, ఒకరిది అలవాటు. అలవాటుకి కూలేమిటని అడుగుతున్నారు, అంతే.

పట్నం కళావేదికల సంగతి వేరు. అక్కడ ప్రేమ లేదు, గౌరవం ఉంది. ఒకసారి ఒక నగరంలో కళా ఉత్సవానికి పిలిచారు. "చొక్కాలు వద్దు, పంచెలు మోకాళ్ల పైకి కట్టుకోండి, సహజంగా ఉంటుంది" అన్నారు. మాలో ఒకడు డిగ్రీ చదివినవాడు, వాడికి పంచె కట్టుకోవడమే రాదు. డబ్బుల మాటెత్తితే, "ఇంత పెద్ద వేదిక ఇచ్చాం కదా, నలుగురి కళ్లలో పడతారు" అన్నారు. మా తాత కళ్లం గుర్తుకొచ్చింది. ఎంత కొలవాలో కొలిచేవాడే చెప్పాడు అక్కడ కూడా. మేం చొక్కాలతోనే ఎక్కుతామన్నాం, రానుపోను చార్జీలు, మూడు రోజుల కూలి అడిగాం. మళ్లీ ఫోను రాలేదు.

మరి డప్పు ఎప్పుడూ డబ్బుకేనా? కాదు. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గరా, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గరా థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. ఆ దీక్షా శిబిరాల్లో మేం వాయించాం. 2012 జూన్ 12న లక్ష్మింపేటలో ఐదుగురు దళితుల్ని చంపేసినప్పుడు పోయి వాయించాం. కూలి అడగలేదు. ఎందుకడగలేదు? అక్కడ కూర్చున్న బెస్తలూ, రైతులూ, కూలోళ్లూ అందరూ ఆ రోజు కూలి పోగొట్టుకొనే కూర్చున్నారు. నష్టం అందరిదీ అయినచోట డప్పు ఊరికే మోగొచ్చు. అందరూ జీతం తీసుకొని వచ్చి కూర్చున్నచోట డప్పోడు ఒక్కడే ఊరికే కొట్టాలంటే, ఆ సభ మీద ఎవరి బొమ్మ ఉన్నా అది కళ్లమే.

అంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. స్పష్టంగా లేనిది ఇంకోటి ఉంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా కొబ్బరినీ జీడినీ నేలకి కొట్టేసింది. ఆ తర్వాతి ఏడాది ఒక సంస్థ కిడ్నీ జబ్బు మీద కళాజాత చెయ్యమని వచ్చింది. ముప్పై ఊళ్లు, రోజు కూలి, భోజనం. అలాంటి పని మాకు ఎప్పుడూ రాలేదు. స్క్రిప్టు వాళ్లే ఇచ్చారు. అందులో తాగుబోతు మొగుడు, నొప్పి మాత్రలు మింగే పెళ్లాం. చివర్లో 'తప్పు మాదే' అని అందరూ పాడాలి. ఉద్దానం జబ్బుకి కారణం నీళ్లన్నారు, సిలికా అన్నారు, భార లోహాలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణం అని ఈ రోజుకీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో గానీ మొదలవలేదు. డాక్టర్లు చెప్పలేని నేరాన్ని రోగుల చేత మా డప్పు ఎందుకు ఒప్పించాలి? నేను చెయ్యనన్నాను.

మా జట్టులో తమ్ముడొకడు చేస్తానన్నాడు. వాళ్లమ్మకి వారానికి రెండుసార్లు డయాలసిస్. డయాలసిస్ ఉచితమే, ఆటో ఉచితం కాదు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. వాడు విన్నాడు. "అన్నా, నీ సేతిలో గోడలున్నాయి. నా సేతిలో మాయమ్మ ఉంది" అన్నాడు.

నిజమే. ఆ నెల నాకు ఒక బడి గోడల మీద బొమ్మలేసే పని ఉంది. నేను కాదన్నది సిద్ధాంతంతోనే. కానీ ఆ సిద్ధాంతానికి అన్నం పెట్టింది ఆ గోడలు. వాడికీ నాకూ తేడా నీతిలో లేదు, చేతిలో ఉన్న పనిలో ఉంది. వాణ్ణి అమ్ముడుపోయాడు అన్నవాళ్లున్నారు. వాళ్లలో ఎవరూ వాళ్లమ్మ ఆటోకి డబ్బులిచ్చినవాళ్లు కారు.

అందుకే రెండు పనులు చేసే కళాకారుణ్ణి సగం కళాకారుడు అనకండి. ఆ రెండో పనే మాకు 'కాదు' అనే నోరిచ్చింది. మా తాతకి లేనిది అదే. గింజలూ డప్పూ ఒకే చేతిలోంచి రావడంతో ఆయన నోరు మూతపడింది. 2024 జూలై నుంచి డప్పు కళాకారులకి నెలకి 4,000 పింఛను ఇస్తున్నారు. మంచిదే, ముసలితనంలో ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. కానీ కొట్టగలిగిన వయసులో కాదనడానికి పింఛను లేదు.

కాదనడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఒక్కడి మీద వేసి, కట్టలేకపోతే వాడికి నీతి లేదనడం అన్యాయం. ఆ కళాజాత తర్వాత మా జట్టులో ఒక డబ్బా పెట్టాం. ఎవరికి ఏ పని వచ్చినా, డప్పైనా ఫ్లెక్సీ అయినా, పదో వంతు అందులో వేస్తాం. ఒక పని మన జనానికి అవమానమని అందరం అనుకుంటే, దాన్ని వదులుకున్నవాడికి ఆ కూలి డబ్బాలోంచి ఇస్తాం. డబ్బా ఎప్పుడూ నిండలేదు. రెండుసార్లు మాత్రం సరిపోయింది. కళాజాతకి పోయిన తమ్ముడే ఇప్పుడు లెక్క రాస్తున్నాడు.

విద్యార్థి మిత్రులకీ, సంఘాల పెద్దలకీ నేను చెప్పేది ఇంతే. మమ్మల్ని పిలిచేటప్పుడు తేదీ ఒక్కటే చెప్పకండి. ఆ రోజు ఏ పని వదులుకొని రావాలో అడగండి. ఇవ్వగలిగింది ముందే చెప్పండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పండి, మీరేం పోగొట్టుకుంటున్నారో కూడా చెప్పండి. వస్తామో రామో మేం కూర్చొని తేల్చుకొని చెప్తాం. రామంటే మాత్రం మనిషిని పంపకండి.