నారు పోసినవాడు నీరు పోయడా?



పెళ్ళయి రెండేళ్ళు నిండితే చాలు, దివ్యపూజ ముగిసి గుడి బయటికి వచ్చిన జంటను ఆపి, "ఇంకా విశేషమేమీ లేదా?" అని అడుగుతాం. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. అతని కాంట్రాక్టు గడువు తీరబోతోందనీ, ఆమె గర్భవతి అని తెలిస్తే జూన్‌లో బడివారు మళ్ళీ పిలుస్తారో లేదోననీ వారికున్న దిగులు మనకు కనిపించదు. పైగా, "నారు పోసినవాడు నీరు పోయడా?" అంటూ ధైర్యం చెబుతాం.

నిజమే, బిడ్డలు దేవుని వరం. ఆయన తప్పక నీరు పోస్తాడు. కానీ ఎవరి చేతులతో పోస్తాడు?

ముందు వెనుకలు ఆలోచించడం అవిశ్వాసం కాదు. గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే చెప్పారు (లూకా 14:28). సంతానం విషయంలో తుది నిర్ణయం దేవుని సన్నిధిలో భార్యాభర్తలే చేయాలని 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ బోధించింది. 1968లో పునీత ఆరవ పౌలు పోపుగారు 'హుమానే వీతే' విశ్వలేఖలో, ఆరోగ్యంతోపాటు ఆర్థిక పరిస్థితిని కూడా దంపతులు గమనించాలన్నారు. తగిన కారణముంటే కొంతకాలం ఆగవచ్చు. అయితే అది ప్రకృతి నియమాన్ని గౌరవించే మార్గంలోనే జరగాలి. కాబట్టి అత్తమామలైనా, ఇరుగుపొరుగైనా తీర్పు చెప్పవద్దు.

యువ దంపతులారా, మీకూ ఒక మాట. "స్థిరపడ్డాక చూద్దాం" అనుకుంటారు. ఆ స్థిరపడడం అంటే ఏమిటో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా? ఇంటి అద్దెకూ, కాన్పు ఖర్చుకూ చేతిలో కొంత ఉండాలనుకోవడం వివేకం. సొంత ఫ్లాటూ, కారూ వచ్చేదాకా అనుకుంటే ఆ వరుసకు అంతుండదు. భయం ఒక్కదానికే మీ ఇంటి పెత్తనం అప్పగించకండి.

ఇక, పని ఇచ్చే పెద్దలారా! కుటుంబాన్ని పోషించి, దాని భవిష్యత్తుకు భద్రత కల్పించేదే న్యాయమైన జీతమని 1981లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 'లబోరెం ఎక్సెర్సెన్స్' విశ్వలేఖలో రాశారు. మన దేశ చట్టం 2017లో ప్రసూతి సెలవును, మొదటి ఇద్దరు బిడ్డల వరకు, 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. కానీ గర్భిణి అని తెలిసి కాంట్రాక్టు పొడిగించకపోతే ఆ 26 వారాలు కాగితం మీదే మిగులుతాయి. మన విచారణల బడులకూ, ఆసుపత్రులకూ ఈ మాట వర్తిస్తుంది. పీఠం ముందు బిడ్డలను దీవించే మనం, బడిలో తల్లి కాబోయే టీచరమ్మను ఇంటికి పంపితే దేవునికి ఏమని జవాబు చెబుతాం?

పునీత జోజప్పగారు పసిబిడ్డతో, తల్లితో రాత్రికి రాత్రి ఐగుప్తుకు బయలుదేరారు (మత్తయి 2:14). పరాయిచోట కుటుంబాన్ని పోషించుకోవలసిన బాధ ఆయనకు తెలుసు. మీ విచారణలో పని కోసం ఎదురుచూస్తున్న ఒక్క జంట కోసం ఈ వారం ఆయన వేడుదల కోరండి. ఎక్కడైనా ఉద్యోగం ఖాళీ ఉందని తెలిస్తే ఆ కబురు వారికి చేరవేయండి. నీరు పోసే చేతులు అవే.

తిరుకుటుంబం మీ కుటుంబాలను కాపాడునుగాక. ఆమెన్.