పొరపాటు జరిగిందని చెప్పేదెవరు?

కొన్నేళ్ల క్రితం మా నాయన ఒక ఆసుపత్రిలో వారం రోజులు ఉన్నాడు. మూడో రాత్రి, తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు, డ్యూటీలో ఉన్న నర్సమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల. "అన్నా, పక్క మంచం తాతకు వెయ్యాల్సిన ఇంజక్షను మీ నాయనకు వేశాను. డాక్టరుగారికి ఫోను చేశాను, వస్తున్నారు" అంది. దేవుని దయవల్ల నాయనకు ఏమీ కాలేదు. నేను మాత్రం వార్డంతా లేచి కూర్చునేలా ఆమె మీద అరిచాను. మరుసటి రాత్రి ఆమె కనిపించలేదు. పనిలోంచి తీసేశారని ఆయా చెప్పింది.

ఆమె నోరు మెదపకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కాగితంలో సంతకం పెట్టి, ఖాళీ సీసా బుట్టలో వేస్తే సరిపోయేది.

ప్రియ పాఠకులారా, ఇది మనకు దూరపు సంగతి కాదు. మైపాడు మొదలు కృష్ణపట్నం దాకా, అటు జువ్వలదిన్నె వైపు, తీరం వెంట ఉన్న ఊళ్ల నుంచి ఆడపిల్లలు నర్సు చదువుకు నెల్లూరు వెళ్తున్నారు. చీటీ పాడి ఫీజు కట్టిన తల్లిదండ్రులు మన విచారణల్లోనే ఉన్నారు. ఆసుపత్రిలో మంచం మీద పడుకునేదీ మనమే, మంచం పక్కన నిలబడి మందు ఇచ్చేదీ మన బిడ్డే.

పాపానికి తెలివి, సమ్మతి రెండూ ఉండాలని చిన్ననాడు సత్యోపదేశంలో నేర్చుకున్నాం. నిద్రలేని కళ్లతో ఒక సీసాకు బదులు ఇంకొకటి తీయడంలో ఆ రెండూ లేవు. అది పొరపాటు. దాన్ని దాచడం అలా కాదు. ఏం జరిగిందో తెలుసు, చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు, అయినా చెప్పకూడదని నిశ్చయించుకోవాలి. అంటే పొరపాటు పాపంగా మారేది దాచిన ఘడియలోనే. ఇంతవరకు లెక్క సులువు. అయితే చెప్పినవారిని వీధిన పడేసి, దాచినవారికి జీతం ఇచ్చే ఆసుపత్రికి ఆ పాపంలో వాటా లేదా? వార్డులో కేకలు పెట్టిన నాకు లేదా?

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ: ఈ ఐదూ చూసుకోమని నర్సు విద్యార్థినులకు మొదటే నేర్పుతారు. మంచి పాఠమే. కాని ఆ పాఠం ఆచరించడానికి మనిషికి రెండు నిమిషాలు కావాలి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నాయన ఉన్న వార్డులో మంచాలు నేనే లెక్కపెట్టాను, అదీ అరిచిన మరునాడు. ఇరవై ఆరు. రాత్రిపూట ఆ పిల్ల ఒక్కతే.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో రాడాండా వాట్ అనే నర్సు 2017 డిసెంబరులో మత్తు మందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చింది. 75 ఏళ్ల రోగి మరణించింది. నర్సు తన తప్పును దాచలేదు, తానే ఒప్పుకుంది. ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది, 2022 మార్చిలో నేరం రుజువైందని జ్యూరీ తీర్పు చెప్పింది. మే నెలలో జైలు లేకుండా మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఆమెది చిన్న పొరపాటని నేననను. మందుల యంత్రం చూపిన హెచ్చరికలను దాటిపోయింది, సీసా మూత మీది మాట చదవలేదు. చనిపోయినామె పిల్లల దుఃఖాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు. అయినా ఆ తీర్పు విన్న వేలాది నర్సులు, రేపు నాకూ ఇలా జరిగితే చెప్పాలా వద్దా అని తమలో తాము అనుకున్నారు. ఆ సందేహం వల్ల దెబ్బతినేది మళ్లీ రోగులే.

మన దేశంలో సంగతి చూడండి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష. చికిత్స చేస్తూ ఉండగా రిజిస్టరైన డాక్టరు చేతిలో జరిగితే రెండేళ్ల దాకానే. ఆ సెక్షనులోని నిర్వచనం వైద్య రిజిస్టరులో పేరున్నవారికే వర్తిస్తుంది, నర్సు అందులోకి రాదు. ఒకే మంచం దగ్గర ఇద్దరు నిలబడితే, జీతం తక్కువైన మనిషికి శిక్ష ఎక్కువ. ఇది న్యాయమని ఎవరైనా నాకు నచ్చజెబితే వింటాను.

తాగి డ్యూటీకి వచ్చినవారిని, దొంగ సంతకాలు పెట్టేవారిని వదిలిపెట్టమని కాదు. చెప్పినవారిని ముందు కూర్చోబెట్టి, ఎలా జరిగిందని అడగాలి. రెండు సీసాలు ఒకేలా ఉన్నాయా, మంచానికి పేరుచీటీ లేదా, ఎంతమందిని చూస్తోంది అని. ఈ పద్ధతి మన మిషన్ ఆసుపత్రుల్లో మొదలుకావడం సబబు. 1920లో గుంటూరుకు వచ్చిన డాక్టరు, మఠకన్య మేరీ గ్లౌరీ ఇక్కడి స్త్రీలకే నర్సు పని, మంత్రసాని పని నేర్పింది. కథోలిక ఆసుపత్రులను 1943లో ఒక సంఘంగా కూర్చిందీ ఆమే. అలాంటి వారసత్వం ఉన్న చోట ఒక పిల్ల నిజం చెప్పడానికి భయపడకూడదు.

నాయన ఇంటికొచ్చాక ఒక్క మాటే అన్నాడు: "ఆ పిల్ల చెప్పబట్టే గదరా నువ్వు అరిచింది."

తర్వాత పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు ఆ రాత్రి సంగతి చెప్పాను. ఆ అమ్మాయిని కలిసి మాట్లాడావా అని గురువులు అడిగారు. ఆమె ఊరేదో కూడా నేను కనుక్కోలేదు.