విపత్తు పాపఫలమా?

భూమి కంపించినను, సముద్రము పొంగినను, వానలు లేక నేల బీటలు వారినను మనవారి నోట మొదట వెలువడు మాట "పాపము పండినది" అనునదే. విన్నవారును తల యూపుదురు. ఎవరి పాపము పండినది, ఎవరు చనిపోయిరి అను రెండు ప్రశ్నలను ప్రక్కప్రక్కన నుంచి చూచువారు అరుదు. ఈ విషయమై మన దేశమున ఇరువురు మహనీయుల నడుమ జరిగిన వాదము పాఠకులు తెలిసికొనదగినది.

1934 జనవరి 15న మధ్యాహ్నము రెండు గంటలు దాటిన కొలది నిమిషములకు ఉత్తర బీహారునందును నేపాళమునందును ఘోర భూకంపము సంభవించెను. ముంగేరు పట్టణము శిథిలమయ్యెను. పొలములు నెఱ్ఱెలు విచ్చి ఇసుకను, నీటిని పైకి చిమ్మెను. మృతుల సంఖ్య పదివేలకు మించెను. అప్పుడు హరిజన యాత్రలో దక్షిణమున నుండిన గాంధీజీ, ఇది అస్పృశ్యతా పాపమునకు ఈశ్వరుడు విధించిన శిక్ష యని తిరునల్వేలిలో ప్రకటించిరి. రవీంద్రనాథ ఠాగూరు దీనిని ఖండించిరి. అస్పృశ్యతను నిరసించుటలో ఆయన గాంధీజీకి తీసిపోవువారు కారు. ఐనను భౌతిక విపత్తులకు భౌతిక కారణములే యుండుననియు, ఇట్టి మాటలు ప్రజలలో వివేకమును చెఱచుననియు ఆయన వాదము. గాంధీజీ ఆ విమర్శను తమ 'హరిజన్' పత్రికలోనే ఫిబ్రవరి 16న ప్రచురించి, తమ సమాధానమును కూడ వ్రాసిరి. తమ నమ్మకమును మాత్రము విడువలేదు. (ప్రతివాది మాటకు తన పత్రికలోనే చోటిచ్చు ఆ పెద్దఱికము నేటి వాదములలో అంతగా కానరాదు.)

అంటరానితనము మహాపాపమని బసవేశ్వరుని మార్గమున నడుచువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అందుచేతనే గాంధీజీ మాట మనకు ఇంపుగ తోచును. ఇంపైన మాటనే ఎక్కువ జాగ్రత్తతో పరీక్షింపవలెను. ముంగేరులో ఇటుకల క్రింద నలిగినవారిలో అంటరానివారు లేరా? చంటిబిడ్డలు లేరా? పీడకుని, పీడితుని ఒక్కటిగ మోదు శిక్ష న్యాయమెట్లగును? మఱియు, గాంధీజీ ప్రత్యర్థులు ఇదే తర్కముతో ఆయన సంస్కరణోద్యమమే భూకంపమును తెచ్చినదని అనవచ్చును గదా! ఈ ప్రమాదమును ఠాగూరు గుర్తించిరి. భారత భూఫలకము ఉత్తరమునకు జరుగుచు ఆసియా ఫలకము క్రిందికి చొచ్చుకొనిపోవుటచే హిమాలయముల అడుగున ఒత్తిడి పేరుకొనును. అది విడివడినప్పుడు నేల కదలును. నా మట్టుకు ఠాగూరు పక్షమే సమంజసముగ తోచుచున్నది.

అట్లయినచో విపత్తులందు ధర్మాధర్మ విచారణకు తావే లేదా? కలదు. దానిని వెదకవలసిన చోటు వేఱు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసినప్పుడు పదివేలమందికి పైగా మరణించిరి. పూరిగుడిసెలలో బ్రదుకు కూలీలకును, జాలరులకును ఎక్కి ప్రాణము దక్కించుకొనుటకు మిద్దె లేదు. 1990 మే నెలలో అట్టిదే మఱియొక భీకరమైన తుపాను కృష్ణాతీరమును తాకెను. ఆ పర్యాయము లక్షలాది జనులను ముందుగనే తరలించిరి. మృతులు వేయికి లోపే. ఆ పదుమూడేండ్లలో తీరవాసులు అంత పుణ్యాత్ములైరా? ముందుగ చెప్పినవారు, తరలించినవారు, తలదాచుకొన చోటు చూపినవారు ఉండిరి. 1977లో చనిపోయినవారి కర్మను విచారించువారు ఈ లెక్కను గూడ ఒకమాఱు చూడవలెను.

గాంధీజీ వేలెత్తి చూపిన పాపము విపత్తునకు ముందుగాక, తరువాత కానవచ్చును. 2004 డిసెంబరు 26న సునామీ తమిళనాడు తీరమున ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టెను. నాగపట్టణము ప్రాంతమున, సర్వమును కోల్పోయినవారు చేరిన సహాయశిబిరములు కొన్నింట దళిత కుటుంబములను వేఱుగ నుంచిరనియు, త్రాగునీటి తొట్లను ముట్టనీయలేదనియు ఆనాటి పత్రికలు వెల్లడించెను.