బిడ్డ రాతినే అడిగిన యెడల

రొట్టె కొరకు చేయి చాచిన కుమారునికి ఏ తండ్రియు రాయి ఇయ్యడని మన ప్రభువు కొండమీద బోధించెను. అయితే ప్రియులారా, నేటి బిడ్డ రాతినే రొట్టె అనుకొని అడుగుచున్నాడు. అప్పుడు తండ్రి ఏమి చేయవలెను?

నేను చెప్పునది పిల్లల స్థూలకాయమును గూర్చి. అది పట్టణపు ధనికుల సంగతి, రాయికోడ్ వంటి పల్లెలకేమి అని మీరనవచ్చును. 1990లో లోకమంతట 5 మొదలు 19 ఏండ్ల వయస్సువారిలో స్థూలకాయులు నూటికి ఇద్దరు. 2022లో ఎనిమిదిమంది, అనగా ఇంచుమించు 16 కోట్లు. మన తెలంగాణలో ఇంకను తక్కువ తిండి బాధయే పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలు నూటికి 33 మంది ఈడుకు తగిన ఎత్తు లేనివారు. అదే సర్వేలో అధిక బరువు గలవారు నూటికి ముగ్గురికి పైగా ఉన్నారు. అంతకు ముందటి సర్వేలో ఒక్కరు కూడ నిండలేదు. ఆకలియు ఊబయు ఒకే వాడలో కాపురముండుచున్నవి. ఈ ఊబ బాల్యముతో పోవునదియు కాదు; చక్కెర వ్యాధిని, రక్తపు పోటును వయస్సు రాకమునుపే తెచ్చును.

లావుగా ఉన్న బిడ్డను తిండిపోతని నవ్వుట మనకు వాడుక. సండే స్కూలులోను ఈ నవ్వు వినబడును. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని అడిగిన శిష్యులవలె మనమును తీర్పుకు త్వరపడుదుము. బడి ముందర కొట్టులో చిప్స్ పొట్లములు వ్రేలాడదీసినది ఆ బిడ్డ కాదు. తీపి సోడాను టీవీలో పొగడినది ఆ బిడ్డ కాదు.

తల్లిని నిందించుటయు నాకిష్టము లేదు. తాను చిన్ననాట ఎరుగనిది తన బిడ్డ ఎరుగవలెనని, కూలి డబ్బులో పది రూపాయలు తీసి వాని చేతిలో పెట్టును. అది ప్రేమయే. గాని ఆ ప్రేమలో ఇచ్చుట సులువు. వద్దని చెప్పి, వాని ఏడుపును ఓర్చుకొనుట కష్టము. ఇరుగుపొరుగు పిల్లలందరు తినుచుండగా ఆమె ఒక్కతె ఎట్లు వద్దనగలదు? కాబట్టి ఇది ఒక ఇంటి పని కాదు.

జహీరాబాదు ప్రాంతపు వారికి రొట్టె ఎట్టిదో ఎవరు నేర్పవలెను? పస్తాపూరులోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల పేద స్త్రీలు జొన్నలు, కొర్రలు, సామలు విడువక విత్తిరి; 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. లోకము మెచ్చిన ఆ ధాన్యము మన పిల్లల పళ్లెములో వారమునకు ఎన్ని పూటలు కనబడుచున్నది?

ఇక సంఘము మాట. బంగారు వాక్యము అప్పగించిన పిల్లలకు మనము చాక్లెట్లు పంచుచున్నాము. క్రిస్మసుకు కేకు ఉండనీయుడి, పండుగను నేను కాదనను. మిగిలిన ఆదివారములలో శనగ గుగ్గిళ్లో, పల్లీలు బెల్లమో పెట్టుదము. ఆరాధన ముగిసి పెద్దలు మాటలాడుకొనునప్పుడు పిల్లలు ఫోను చూచుచు కూర్చొనక, దేవాలయపు ఆవరణములో పరుగెత్తి ఆడుకొననీయుడి. కేకలు వేసినను ఎవరును గద్దింపవద్దు.